ఒక కన్ను మూసి చూడండి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో పద్యాలు, పురాణాలు, సన్మానాలు జరగడమే మీరు ఎక్కువగా చూసి ఉంటారు. ఇవాళ పిల్లల కళ్ళజోళ్ళ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో గ్రాంథికం మాట్లాడే ధైర్యం నాకు లేదు, కాబట్టి మామూలు మాటల్లోనే చెప్తాను. ముందే ఒక మాట: నేను కంటి డాక్టర్ని కాదు. పిల్లల చూపు పరీక్షించి, పవర్ చూసి, ప్యాచ్, అంటే కంటి మీద అంటించే పట్టీ, ఎలా వెయ్యాలో తల్లులకి చూపించే ఆప్టోమెట్రిస్టుని.

"మా గుంటకేటైంది, చీమని కూడా చూస్తాది" అని పెద్దవాళ్ళు నాతో తరచూ అంటుంటారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు. పిల్ల నిజంగానే చీమని చూస్తుంది, ఒక కంటితో. రెండో కన్ను ఏం చేస్తోందో ఇంట్లో ఎవరికీ తెలియదు, పిల్లకీ తెలియదు. పుట్టినప్పటి నుంచి అలాగే ఉంటే, లోకం అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంటుంది.

ఒక మూడేళ్ళ పాపని నాయనమ్మ తీసుకొచ్చింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాప చేతిలో ప్లాస్టిక్ బస్సు. నేను అరచేత్తో కుడికన్ను మూశాను. పాప పట్టించుకోలేదు, బస్సు తోలుకుంటూనే ఉంది. ఎడమకన్ను మూశాను. చెయ్యి తోసేసింది. మళ్ళీ మూస్తే మెడ వంచి నా వేళ్ళ సందులోంచి చూడబోయింది. మూడోసారికి ఏడుపు అందుకుంది. ఫలితం నేను చెప్పక్కర్లేకపోయింది. "అయితే కుడికన్నుతో కనబడట్లేదేటి?" అని నాయనమ్మే అడిగింది.

ఈ పని మీ ఇళ్ళలో మీరూ చెయ్యొచ్చు. కానీ ఒక జాగ్రత్త. రెండు కళ్ళూ ఒకేలా మసకగా ఉన్న పిల్ల ఎటు మూసినా ఏడవదు. అందుకని ఒక కన్ను మూసినప్పుడే ఏడిస్తే వెంటనే చూపించండి, ఏడవకపోతే మాత్రం కళ్ళు బాగున్నాయని రాసిపెట్టుకోకండి. మూడేళ్ళు దాటాక ఒకసారి సరైన పరీక్ష చేయించాల్సిందే.

ఇలా ఒక కన్ను సరిగ్గా చూడకుండా ఉండిపోవడాన్ని లేజీ ఐ అంటారు, కొందరు మందదృష్టి అంటారు. చూడటం కంటితో మొదలవుతుంది గానీ, ఆ బొమ్మని తయారుచేసేది మెదడు. ఒక కంట్లో పవర్ ఎక్కువున్నా, మెల్ల ఉన్నా, శుక్లం గానీ వాలిపోయిన రెప్ప గానీ అడ్డొచ్చినా, ఆ కంటి నుంచి వచ్చే మసక బొమ్మని మెదడు వదిలేసి, స్పష్టంగా ఉన్నదాన్నే తీసుకుంటుంది. జోడెడ్లలో ఒకటే లాగుతూ రెండోది కాడి కింద ఊరికే నడిచినట్టు. బండి కదులుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పెద్దయ్యాక ఖరీదైన అద్దాలు పెట్టినా, లేజర్ ఆపరేషన్ చేయించినా, చూడటం నేర్చుకోని మెదడు ఆ వయసులో అంత సులువుగా నేర్చుకోదు. ఏడేళ్ళలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. తర్వాత కూడా, పదేళ్ళు దాటిన పిల్లల్లో సైతం, కొంత మెరుగు కనిపిస్తుంది. కాబట్టి ఆలస్యమైందని ఇంట్లో కూర్చోవద్దు.

చాలామందికి మొదటి మందు కళ్ళజోడే. సరైన పవర్ పెట్టి కొన్ని వారాలు, ఒక్కోసారి నాలుగు నెలల దాకా ఆగితే, కొందరి చూపు అద్దాలతోనే సరిపోతుంది. మిగిలినవాళ్ళకి ప్యాచ్. బాగున్న కంటికి ప్యాచ్ వేసి, చూడని కంటితో చూసేలా చెయ్యడమన్నమాట. "బాగున్న కంటిని ఎందుకు మూస్తారు?" అని తాతగారు అడగడం న్యాయమే. ఇంట్లో అందరికీ ఆ సంగతి ముందే వివరించకపోతే, తల్లి పనికి వెళ్ళగానే ఎవరో ఒకరు జాలిపడి ప్యాచ్ పీకేస్తారు.

రోజంతా కట్టాలా అంటే, అక్కర్లేదు. అమెరికాలో ఏడేళ్ళలోపు పిల్లలు 189 మంది మీద చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. మధ్యస్థంగా చూపు తగ్గిన పిల్లలకి రోజుకి 2 గంటలు కట్టినా, 6 గంటలు కట్టినా నాలుగు నెలల తర్వాత దాదాపు ఒకే మెరుగు కనిపించింది. రెండు గుంపులవాళ్ళూ ప్యాచ్ ఉన్నప్పుడు కనీసం గంటసేపు దగ్గరి పని చేశారు. చూపు మరీ తక్కువుంటే గంటలు పెరుగుతాయి. ఎన్ని గంటలో డాక్టర్ చెప్తారు. తొందరగా తగ్గాలని మీరే పెంచేస్తే, మూసిన మంచి కన్ను దెబ్బతినొచ్చు. అందుకే మధ్యమధ్యలో పరీక్షకి రమ్మంటాం.

దగ్గరి పనికి మన ఇళ్ళలో కొదవేముంది? బియ్యంలో రాళ్ళు ఏరనివ్వండి, ముగ్గు చుక్కలు కలపనివ్వండి, రంగులు వెయ్యనివ్వండి, పెద్ద పిల్లలైతే పూలు గుచ్చనివ్వండి. నన్నడిగితే, ప్యాచ్ ఉన్నంతసేపు ఒక కార్టూన్ చూపించినా తప్పులేదు. ఎలాగూ చూపిస్తున్నారు కదా.

మొదటి వారం మాత్రం ఇంట్లో టెన్షనే. పిల్ల ఏడుస్తుంది, పీకేస్తుంది, గోడకి తగులుకుంటుంది. దాన్ని మొండితనం అనకండి. చూసే కన్ను మీరు మూసేశారు, తనకి నిజంగానే కనిపించడం లేదు. అందుకే మొదట్లో మెట్లకీ నూతికీ రోడ్డుకీ దూరంగా, మీ కళ్ళెదుటే ఉంచండి. ప్యాచ్‌ని చర్మానికే అంటించి, దాని మీద కళ్ళజోడు పెట్టండి. జోడు అద్దానికి గుడ్డ కట్టి పంపిస్తారు కొందరు. ఏ పిల్లైనా పక్కనుంచి, పైనుంచి మంచి కంటితోనే చూసేస్తుంది, మీ రెండు గంటలూ గాలికే. ఎంతసేపు కట్టారో గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. పరీక్షకి వచ్చినప్పుడు "రోజూ కడుతున్నాం సార్" అనే మాటకంటే ఆ కాగితం నాకు ఎక్కువ పనికొస్తుంది.

కొందరికి ప్యాచ్ బదులు అట్రోపిన్ చుక్కలు రాస్తారు, మంచి కంట్లో వేసి దగ్గరి చూపు మసకబార్చడానికి. శని, ఆదివారాలు వేస్తే చాలని చెప్పిన పిల్లలూ ఉంటారు. ఆ సీసా పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి. మింగితే విషం.

ఇక ఫ్రేము సంగతి. ఎదిగే పిల్లాడు కదా, రెండేళ్ళు వస్తుందని పెద్ద సైజు కొంటారు. అది ముక్కు మీంచి జారుతుంది, వాడు అద్దం పైనుంచి చూస్తాడు. నంబరు ఎంత కచ్చితంగా రాసినా వాడి కంటికి చేరదు. కనుపాప అద్దం మధ్యకి రావాలి. సులువుగా పగలని పాలీకార్బనేట్ అద్దాలు అడగండి, చెవి వెనక నుంచి సాగే తాడు పెట్టించండి. స్క్రూ ఊడితే దారంతో కట్టి ఆరు నెలలు నెట్టుకురావొద్దు, షాపులో నిమిషం పని.

జోడు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందనే మాట ఇంకా పోలేదు. పిల్లాడు ఎదుగుతాడు, కన్ను ఎదుగుతుంది, నంబరు మారుతుంది. జోడు మానేసినా మారేదే. ప్లస్ పవర్ ఉన్న కొందరు పిల్లలకి జోడు పెట్టగానే మెల్ల సర్దుకుంటుంది, తీస్తే మళ్ళీ వస్తుంది. "జోడు అలవాటు చేసి మెల్ల తెచ్చారు" అని మా మీద కోప్పడతారు! ఆ మెల్ల ముందునుంచీ ఉన్నదే. మెల్లకన్ను అదృష్టమనే నమ్మకం గురించి నేను వాదించను. అదృష్టం ఉంటే ఉండనివ్వండి, నాలుగు నెలలు దాటిన పిల్లకి కన్ను పక్కకి పోతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

ఆడపిల్లకి జోడు పెడితే పెళ్ళెలా అవుతుందని నాలుగేళ్ళ పిల్ల ముందే అంటారు. ఆ పిల్ల మర్నాడు జోడు మంచం కింద పడేస్తుంది. దానిమీద నాకు కోపం రాదు, అన్నవాళ్ళ మీద వస్తుంది.

మన సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కుంది. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా. అక్షరాల చార్టు ముందు నిలబెట్టి ఇదేమిటంటే నోరు విప్పరు. కనబడక చెప్పలేదో, అక్షరం రాక చెప్పలేదో తేలదు. వరసలో వెనకున్నవాడు ముందువాళ్ళు చెప్పింది వింటూ చార్టంతా కంఠస్థం చేసి గడగడా అప్పజెప్పేస్తాడు, అది మరీ ప్రమాదం. అందుకే చిన్నపిల్లలకి ఇంగ్లిష్ 'E' అక్షరాన్ని నాలుగు వైపులా తిప్పిన చార్టు పెట్టి, దాని కాళ్ళు ఎటున్నాయో వేళ్ళతో చూపించమనాలి. దానికి ఏ భాషా అక్కర్లేదు. కన్ను మూసేటప్పుడు వేళ్ళు కాదు, అరచెయ్యి అడ్డంపెట్టాలి. అంగన్‌వాడీ టీచర్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోండమ్మా. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్ళు వచ్చే రోజున అనుమానమున్న పిల్లని బడి మాన్పించకండి.

రెండు విషయాల్లో మాత్రం రేపు, ఎల్లుండి అనొద్దు. కనుపాప తెల్లగా మెరిసినా, ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను తెల్లగా కనిపించినా అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కావచ్చు. వెంటనే బయలుదేరండి. 34 వారాలకి ముందో, 2 కిలోల లోపు బరువుతోనో పుట్టిన బిడ్డకి 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరిగి తీరాలి. బిడ్డ చక్కగా పాలు తాగుతోంది కదా అని ఆగకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. రాయగడలో ఎల్.వి.ప్రసాద్ వాళ్ళ కంటి కేంద్రం ఉంది, విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ వాళ్ళ పెద్ద ఆసుపత్రులున్నాయి. పాత జోడు, పాత చీటీలు పట్టుకెళ్ళండి. చిన్నపిల్లలకి పవర్ చూసే ముందు కనుపాప పెద్దదయ్యే మందు వేస్తారు, ఒక్కోసారి మూడు రోజులు ఇంట్లోనే వెయ్యమంటారు. రాసిచ్చినన్ని సార్లే వెయ్యండి. వేసినప్పుడు కంటి మూలన ముక్కు పక్కగా కాసేపు వేలితో నొక్కి పట్టుకోండి. మొహం బాగా ఎర్రబడినా జ్వరం వచ్చినా మందు ఆపి ఫోన్ చెయ్యండి. ఎండలో కళ్ళు తెరవలేరు కాబట్టి టోపీ మర్చిపోవద్దు. ఆ మసక రెండు వారాల దాకా ఉండొచ్చు, పరీక్షల వారంలో మాత్రం పెట్టుకోకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వరసలో అమ్మమ్మగారు చెయ్యెత్తి చాలాసేపైంది, మైకు ఆవిడకివ్వండి.