గార్నెట్, గోమేధికం, మధ్యలో మా అత్తయ్య ఉంగరం

[తెర మీద: తెల్ల పళ్ళెంలో ఒలిచిన దానిమ్మ గింజలు. వాటిలో ఎక్కడో ఒక రాయి.]

ఈ గింజల్లో ఒకటి కొరికితే పన్ను ఊడుతుంది. ఏదో కనిపెట్టండి చూద్దాం. కష్టంగా ఉంది కదా? గార్నెట్ అనే పేరే దానిమ్మకున్న లాటిన్ పేరులోంచి వచ్చింది. పేరు పెట్టినవాళ్ళు కళ్ళు తెరుచుకునే పెట్టారు.

ఈ వీడియోకి కారణం మా కావలి అత్తయ్య. ఆవిడ మనవరాలు జనవరిలో పుట్టింది. అమెరికాలో ఉన్న మేనమామ పాప మొదటి పుట్టినరోజుకి జన్మరత్నమని, అంటే పుట్టిన నెలని బట్టి పెట్టుకునే రాయని, చిన్న గార్నెట్ లాకెట్ పంపాడు. పక్కింటావిడ చూసి, "గార్నెట్టంటే గోమేధికమే కదమ్మా, రాహువు రాయి పసిబిడ్డ మెళ్ళో వేస్తారా ఎవరైనా?" అంది. అంతే, లాకెట్ బీరువాలోకి పోయింది. తర్వాత నాకు ఫోను. "అబ్బయ్యా, తీసి లోపల పెట్టేశా, మంచి పనే చేశా కదా?"

రాళ్ళ పిచ్చి ఉన్నవాణ్ణని తెలిసిన ప్రతివాళ్ళూ నన్ను ఇదే అడుగుతారు. జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. ఇక నుంచి ఈ వీడియో లింకు పంపిస్తా.

పక్కింటావిడ చెప్పింది సగం నిజం. చిక్కంతా ఆ సగంతోనే.

గార్నెట్ అనేది ఒక రాయి పేరు కాదు. మన నెల్లూరు చేపల పులుసునే తీసుకోండి. చింతపండు, మామిడికాయ ముక్కలు, మెంతులు, ఆ చిక్కదనం, ఇవి మారవు. మారేది చేప. కొరమీను వేస్తే ఒక రుచి, వంజరం వేస్తే ఒకటి, బొమ్మిడాయిలు వేస్తే ఇంకొకటి. ఏది వేసినా దాన్ని పులుసనే అంటాం. గార్నెట్టూ అంతే. సిలికాన్, ఆక్సిజన్ కలిసి కట్టిన కూర్పు పులుసు. అందులో పడే లోహాలు చేపలు. ఇనుము, అల్యూమినియం పడితే ముదురెరుపు. దాన్ని అల్మండైన్ అంటారు. ఇనుము బదులు మెగ్నీషియం పడితే పైరోప్, అసలైన దానిమ్మ గింజ రంగు. కాల్షియం, అల్యూమినియం పడితే గ్రోసులర్. ఆ గ్రోసులర్‌లోనే తేనె రంగులో, బెల్లం పాకం రంగులో ఉండేది హెసొనైట్. మనం గోమేధికం అని పిలిచేది దాన్నే.

అంటే గోమేధికం గార్నెట్టే. కానీ గార్నెట్లన్నీ గోమేధికాలు కావు. బొమ్మిడాయిల పులుసు చేపల పులుసే కదా అని, వంజరం పులుసు గిన్నె ముందు పెట్టుకుని బొమ్మిడాయిలు ఏవని వెతుకుతామా?

ఇంకో సంగతి. ప్రకృతిలో ఒకే చేపతో వండిన పులుసు దాదాపుగా దొరకదు. ప్రతి గార్నెట్‌లోనూ రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి. పైరోప్, అల్మండైన్ కలిసి ఉండే గులాబీ ఊదా రంగు రాయి రోడోలైట్. మా అత్తయ్యకొచ్చిన లాకెట్ ఫొటోలో చూస్తే నాకు అలాగే అనిపించింది. ఏదైతేనేం, తేనె రంగు మాత్రం కాదు. గోమేధికం అయ్యే ప్రసక్తే లేదు.

పులుసు రాత్రి వండి పొద్దున తింటేనే రుచి అంటాం కదా. గార్నెట్‌దీ అదే ఓపిక. బంకమట్టి లాంటివి పేరుకుని రాయిగా మారి, భూమి లోపల వేడికీ ఒత్తిడికీ ఏళ్ళూ పూళ్ళూ మగ్గితే అందులో గార్నెట్ పుడుతుంది. అందుకే మన సైదాపురం, గూడూరు వైపు అబ్రకం దొరికే నేలల్లో, ఆ మెరిసే రాళ్ళలో, ముదురు ఎర్రగా గార్నెట్ గుండ్లు కనిపిస్తాయి. ఆశపడకండి, ఎక్కువగా పగుళ్ళతో ఉంటాయి, ఉంగరానికి పనికిరావు. నేను చిన్నప్పుడు జేబు నిండా ఏరుకొచ్చి, కెంపులు దొరికాయని చెప్పి అమ్మ చేత తిట్లు తిన్నా.

సరే, జన్మరత్నం సంగతికొద్దాం. ఇక్కడే నాకు బీపీ పెరిగేది.

జనవరికి గార్నెట్, ఫిబ్రవరికి అమెథిస్ట్ అంటూ ఇప్పుడు అందరూ వాట్సాప్‌లో పంపుకునే పట్టిక ఏ రుషీ రాయలేదు. 1912లో అమెరికాలోని కాన్సస్ నగరంలో నగల వ్యాపారుల సంఘం కూర్చుని ఖాయం చేసింది. ఊరికే పుట్టించారని అననులెండి, వెనక పాత నమ్మకాలు ఉన్నాయి. బైబిల్లో ప్రధాన యాజకుడు అహరోను ధరించే వక్ష పతకంలో 12 రాళ్ళుంటాయి. మొదటి శతాబ్దంలో జోసిఫస్ అనే చరిత్రకారుడు వాటిని 12 నెలలతో ముడిపెట్టాడు. పుట్టిన నెల రాయి ఒక్కటే ధరించే అలవాటు యూరప్‌లో చాలా తర్వాత, పోలండ్ వైపు పాకింది. వ్యాపారులు ఆ గందరగోళాన్నంతా సర్ది ఒక పట్టిక చేశారు. అమ్మేవాడు రాసిన పట్టిక అమ్మకానికి అనుకూలంగానే ఉంటుంది మరి. టాంజనైట్ అనే రాయి సంగతి లోకానికి తెలిసింది 1967లో. 2002లో దాన్ని డిసెంబరుకి జన్మరత్నం చేసేశారు! జనవరి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

మన నవరత్నాల లెక్క పూర్తిగా వేరు. అక్కడ నెలలు లేవు, గ్రహాలున్నాయి. రాహువుకి గోమేధికం. ఆరుద్ర, స్వాతి, శతభిషం నక్షత్రాల వాళ్ళకి చెబుతారు. జనవరిలో పుట్టిన బిడ్డది 27 నక్షత్రాల్లో ఏదైనా కావచ్చు. అసలు జనవరి మన పంచాంగంలో ఒక ముక్కే కాదు, సంక్రాంతి దాకా ధనుస్సు, ఆ తర్వాత మకరం. ఈ ఖాతాలో చూసి ఆ ఖాతాలో వడ్డీ కడితే ఎట్లా?

నెలల పట్టికనే పట్టుకుంటాం అనేవాళ్ళకి ఒక ప్రశ్న. మా నాన్న పుట్టింది చలికాలంలో అని నాయనమ్మ చెప్పేది. బడిలో చేర్చుకున్న అయ్యవారు మాత్రం జూలై 1 అని రాసేశారు. మీ ఇళ్ళలోనూ జూలై 1 పెద్దమనుషులు ఉండే ఉంటారు. జూలైకి జన్మరత్నం కెంపు. అంటే అయ్యవారు ఒక్క కలంపోటుతో ఊళ్ళో సగం మందికి కెంపులు పంచిపెట్టారన్నమాట.

టైమైపోతోంది, చరిత్ర గబగబా చెప్పేస్తా. రోమన్లు ఎర్రగా మెరిసే రాళ్ళన్నిటినీ కలిపి కార్బంక్యులస్, అంటే చిన్న నిప్పుకణిక, అనేవాళ్ళు. కెంపు, గార్నెట్ తేడా వాళ్ళకి పట్టలేదు. ఆ రాళ్ళలో భారతదేశం నుంచి వచ్చేవి ఉన్నాయని ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. పుదుచ్చేరి దగ్గర, రోమన్లతో వ్యాపారం నడిచిన పాత రేవు అరికమేడులో తవ్వకాల్లో దొరికిన గార్నెట్ పూసల్ని పరీక్షిస్తే, ఉమ్మడి ఖమ్మం జిల్లా గరీబ్‌పేట గార్నెట్లతో సరిపోయాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. మన తెలుగు నేల రాయి! 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకి రోమన్ బంగారు నాణేల కుండ దొరికింది. ఆ బంగారం గార్నెట్ల కోసమే వచ్చిందని నేననను గానీ, అనుకోవడానికి బాగుంటుంది.

ఇంగ్లండ్‌లో సటన్ హూ అనే చోట 1939లో బయటపడ్డ ఏడో శతాబ్దపు రాజు నగల నిండా గార్నెట్లే. చెక్ దేశం వాళ్ళ పైరోప్‌లకి పెద్ద పేరు. ఎరుపొక్కటే అనుకోకండి. ఆకుపచ్చ గార్నెట్ ఉంది, సావొరైట్, 1967లో టాంజానియాలో దొరికింది. మడగాస్కర్ రాళ్ళు కొన్ని పగటి వెలుగులో నీలంగా, బల్బు కింద ఊదాగా కనిపిస్తాయి. రాళ్ళ గట్టిదనానికి పది దాకా ఉండే లెక్కలో గార్నెట్‌ది ఏడుకి అటూ ఇటూ. కెంపుది తొమ్మిది. దుమ్ములోని ఇసుకే గీతలు పెట్టగలదు కాబట్టి రోజూ పెట్టుకునే ఉంగరం కంటే కమ్మలకి నయం. లాకెట్‌కి ఇంకా నయం, అత్తయ్యా.

గోమేధికం కొనేవాళ్ళు భూతద్దంతో లోపలికి చూడండి. వేడి పాకంలో తీగలు తిరిగినట్టు కనబడాలి. మరీ తేటగా ఉంటే అనుమానించండి.

ఆఖరిది, కెంపా గార్నెట్టా అనే పరీక్ష.

[తెర మీద: నీళ్ళ పళ్ళెం. థర్మకోల్ ముక్క మీద ఎర్రరాయి ఉంగరం.]

ఎర్ర గార్నెట్‌లో ఇనుముంటుందని చెప్పా కదా, ఆ చేప ఇప్పుడు పనికొస్తుంది. కెంపు, బంగారం మామూలు లెక్కలో అయస్కాంతానికి కదలవు. ఇది నియోడిమియం అయస్కాంతం, మామూలు వాటికంటే చాలా బలమైనది, పాత హార్డ్‌డిస్క్‌లోంచి పీకింది. ఉంగరం మా అత్తయ్యదే. ముప్పై ఏళ్ళ కిందట మామయ్య కెంపని చెప్పి కొనిచ్చాడు. దగ్గరికి తెస్తున్నా. ఫ్యాన్ ఆపాను, చూడండి...

కదిలింది.

అత్తయ్యా, ఉంగరం ఆదివారం తెచ్చిస్తా. పాప లాకెట్ బీరువాలోంచి తీసి వెయ్యి. మామయ్యకి మాత్రం ఈ వీడియో చూపించొద్దు.