మేడ మీద ప్యానెల్, అలమారలో ఫైలు

(విజయనగరంలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తిచేసిన ఐటీఐ పిల్లలతో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. సోలార్ వ్యాపారం ఎలా పెట్టాలి, ఎలా పెంచాలి అని ఒక గంట మాట్లాడమన్నారు సారు. గంటసేపు మాట్లాడడం నావల్ల కాదు గానీ, నేను ఎక్కడెక్కడ దెబ్బ తిన్నానో చెప్పాలంటే గంట చాలదు. నేనూ మీలాగే ఐటీఐ, ఇదే ట్రేడు. శ్రీకాకుళంలో షాపు. అటు సోంపేట, కవిటి దాకా, ఇటు భోగాపురం దాకా పని చేస్తాం. ఊరి పక్కనే అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఉన్నాడు కదా, అందుకని మా షాపుకొచ్చే వాళ్లలో సగం మంది "నీకేటి బాబూ, దేవుడే పార్టనరు" అంటారు. అక్కడ ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, కిరణాలు స్వామి పాదాల మీద పడితే జనం కదిలొస్తారు. మనకు అలా కుదరదు. కిలోవాటుకి సగటున రోజుకు నాలుగు యూనిట్లు పడాల్సిందే, పడకపోతే ఫోను మోగుతుంది.

మా షాపులో నా కుర్చీ వెనక ఒక తెల్లబోర్డు ఉంటుంది. మొదట్లో దాని మీద ఒకే అంకె రాసేవాణ్ణి, ఈ నెల ఎన్ని ఆర్డర్లు అని. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది, ఇంటి మేడ మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం సబ్సిడీ ఇచ్చేది. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం మీద మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78 వేలు సబ్సిడీ. అంతవరకూ నెలకు నాలుగు ఇళ్లు చేసేవాణ్ణి, ఒక నెలలో పంతొమ్మిది వచ్చాయి. బోర్డు మీద పంతొమ్మిది అని పెద్దగా రాసి, షాపులో అందరికీ స్వీట్లు పంచాను.

ఇప్పుడు లెక్క చూడండి. మూడు కిలోవాట్ల ఇంటికి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు కావాలి. పంతొమ్మిది ఇళ్లకి నూట పద్నాలుగు. సబ్సిడీ కావాలంటే ప్యానెల్ దేశంలో తయారైన సెల్లుతో చేసిందై ఉండాలి, డీసీఆర్ అంటారు, అది మామూలు దానికన్నా ఖరీదు. విశాఖలో సరుకు ఇచ్చేవాడు డబ్బు పడితేనే లారీ ఎక్కిస్తాడు, చుట్టం లేదు, స్నేహం లేదు. ఇటు కస్టమరు పది శాతం కట్టి మిగతాది బ్యాంకు లోను అన్నాడు. సబ్సిడీ ఎలాగూ మనకు రాదు, అన్నీ అయ్యాక కస్టమరు ఖాతాలో పడుతుంది. అంటే సరుకుకి డబ్బు ముందు పెట్టేది నేను, వెనక్కి వచ్చేది ఎప్పుడో. రెండు నెలలు తిరిగేసరికి నా డబ్బు ముప్పై లక్షల పైచిలుకు ఊళ్లో వాళ్ల మేడల మీద ఎండుతోంది, నా దగ్గర శనివారం కుర్రాళ్లకి ఇవ్వడానికి కూలి డబ్బుల్లేవు. మా ఆవిడ గాజులు బ్యాంకులోకి వెళ్లాయి. లాభం పుస్తకంలో బాగానే కనిపిస్తోంది, అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

అప్పుడు ఆ పంతొమ్మిది ఫైళ్లూ నేల మీద పరిచి కూర్చున్నాను, ఏది ఎక్కడ ఆగిందో చూద్దామని. పని అవ్వక ఆగినవి నాలుగే. మిగతావన్నీ కాగితం దగ్గర ఆగాయి. ఒకటి చెబుతాను. నరసన్నపేట దగ్గర ఒక పల్లె, కొత్త డాబా, ప్యానెళ్లు బిగించేశాం, ఇన్వర్టరు పెట్టేశాం, ఎర్తింగ్ గుంటలు కూడా అయిపోయాయి. దరఖాస్తు పెడదామని కరెంటు బిల్లు అడిగితే, ఆ పెద్దాయన గూట్లోంచి మడత పెట్టిన బిల్లు తీసి ఇచ్చాడు. పేరు చూస్తే వేరే ఎవరిదో. ఎవరండీ ఈయన అంటే, మా తాత, పోయి ఇరవై ఏళ్లయింది, నెలనెలా బిల్లు కడతన్నాం కదా, ఏటైంది అన్నాడు. ఏమీ కాలేదు, మీటరు ఇంకా తాత పేరు మీదే ఉంది, అంతే! పేరు మార్చాలంటే డెత్ సర్టిఫికెట్టు, వారసుల సంతకాలు. వారసుల్లో ఒకాయన చెన్నైలో, ఇంకొకాయన గల్ఫ్‌లో, మూడోఆయన పక్కింట్లోనే ఉంటాడు గానీ వీళ్లకీ వాళ్లకీ మాటల్లేవు. ఆ పక్కింటాయన సంతకం కోసం నేను ఆరుసార్లు వెళ్లాను. చివరికి వాళ్ల ఇంట్లో ఫ్యాను బాగుచేసి సంతకం తెచ్చుకున్నాను. తప్పు వాళ్లది కాదు, నాదే. బిల్లు చూడకుండా మేడ ఎక్కాను.

అందుకని చెబుతున్నాను, ఇంటికి వెళ్లగానే ఎవరైనా మేడ చూపిస్తామంటారు. వద్దనండి. ముందు కరెంటు బిల్లు తెమ్మనండి. దాంట్లో మూడు చూడాలి, పేరు, శాంక్షన్ లోడు అంటే ఆ ఇంటికి మంజూరైన కిలోవాట్లు, యూనిట్లు. తర్వాత ఆధార్‌లో పేరు, బ్యాంకు పాస్‌బుక్కులో పేరు, బిల్లులో పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మన వైపు ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉంటుంది, అప్పారావు ఒకదాంట్లో అప్పలరావు అవుతాడు. అది ఆ రోజే దిద్దిస్తే రెండు రోజుల పని, ప్యానెళ్లు బిగించాక దిద్దాలంటే రెండు నెలలు.

యూనిట్ల సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. మన దగ్గర కరెంటు మెట్ల లెక్క కదా. మొదటి ముప్పైకి యూనిట్ 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. నెలకు 90 యూనిట్లు కాల్చే ఇంటికి ఫిక్సెడ్ ఛార్జీలూ అవీ తీసేస్తే అసలు కరెంటు ఖర్చు 260 రూపాయలు దాటదు. 300 కాల్చే ఇంటికి 1,673. ఈ రెండో ఇంటికి మూడు కిలోవాట్లు పెడితే ఆయన నెత్తిన పాలు పోసినట్టే. ఆ మొదటి ఇంటికి పెడితే లోను వాయిదా బిల్లు కన్నా ఎక్కువవుతుంది, ఏడాది తిరిగేలోపు ఊళ్లో మన పేరు చెబితే ఉమ్మేస్తారు. ఆయనకి వద్దని చెప్పి రండి. చెప్పి వచ్చిన ఇళ్ల నుంచి నాకు ఇద్దరు ముగ్గురు మంచి కస్టమర్లు వచ్చారు, బావమరిదికి ఏసీలు రెండున్నాయి బాబూ, ఆడికి పెట్టు అని.

ఇంకోటి అమ్మేముందే చెప్పాలి. కరెంటు పోతే సోలారు కూడా పోతుంది. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకి కలిపి నడిపే ఇన్వర్టరు, ఆన్‌గ్రిడ్ అంటాం, లైను చచ్చిందని తెలియగానే తనూ ఆగిపోతుంది, లేకపోతే మన మేడ మీది కరెంటు లైనులోకి వెనక్కి వెళ్లి స్తంభం మీదున్న లైన్‌మన్‌ని కొడుతుంది. మీకు ఇది చదువులోనే వచ్చి ఉంటుంది. ఇంటావిడకి రాలేదు కదా. "ఏటీ, ఎండ మండిపోతంది, కరెంటు పోతే ఇదీ పోద్దేటి? మరెందుకు పెట్టినావు?" అని నన్ను నిలదీసిన అప్ప ఒకావిడ ఉంది, ఆవిడ ముందు నేను నిజంగానే నోరు మెదపలేకపోయాను. అమ్మేటప్పుడు ఆ ఒక్క మాటా మింగేశాను కాబట్టి. ఇప్పుడు కొటేషన్ మీద అన్నిటికన్నా పైన అదే రాస్తాను, పెద్దక్షరాల్లో.

ఇక గాలి. మనం ఎక్కడున్నామో మర్చిపోవద్దు. ఈ కోస్తా ప్యానెళ్ల స్ట్రక్చరు సెకనుకి 50 మీటర్ల గాలికి, అంటే గంటకి 180 కిలోమీటర్లకి తట్టుకునేట్టు లెక్కకట్టాల్సిన చోటు. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయాయి. అప్పుడు నేను వేరే వాళ్ల దగ్గర జీతానికి పనిచేస్తున్నాను. తుఫాను పోయిన మూడో రోజు ఒక మేడ ఎక్కితే, ప్యానెళ్లు పక్కింటి పెరట్లో ఉన్నాయి, కాళ్లు మాత్రం మేడ మీదే నిలబడి ఉన్నాయి. బోల్టు చూస్తే మామూలు ఇనుప బోల్టు, ఉప్పుగాలికి తుప్పుపట్టి పుల్లలా సన్నబడి ఉంది. ఒక్కో ఇంటికి స్టెయిన్‌లెస్ బోల్టులకి అయ్యే తేడా ఎంతో మీరే షాపులో అడగండి, నవ్వొస్తుంది.

మనవాళ్లకి స్ట్రక్చరు ఎత్తుగా కావాలి. కింద వడియాలు పెట్టుకోవాలి, వేసవిలో మంచాలు వేసుకోవాలి. కాదనలేం. కానీ ఎత్తు పెరిగేకొద్దీ గాలి కింద నుంచి పట్టి తెరచాపలా లేపుతుంది, అడ్డబద్దలు వెయ్యాలి, కాళ్ల కింద దిమ్మలు బరువుండాలి. ఇక్కడే రేటు తగ్గించే మొనగాడు వస్తాడు. ప్యానెల్‌కీ ఇన్వర్టర్‌కీ కంపెనీ పేరు ఉంటుంది, కస్టమరు ఫోన్లో చూసుకుంటాడు. ఇనుముకి పేరు లేదు కాబట్టి కోత అక్కడే పడుతుంది. ఐదు వేలు తక్కువకి ఆర్డరు పోయిందని నేను బాధపడ్డ రోజులున్నాయి, ఇప్పుడు పోనిస్తాను. పథకం కింద పెట్టినదానికి ఐదేళ్లు మెయింటెనెన్స్ మనమే చెయ్యాలి, అంటే ఐదు అక్టోబర్లు. ఆ ఐదు అక్టోబర్లూ నిద్రపట్టాలి కదా.

సర్వీసు గురించి ఎక్కువ చెప్పను. ఒక్క కొబ్బరిమట్ట నీడ ప్యానెల్ మీద పడితే మొత్తం వరసలో వచ్చే కరెంటు తగ్గిపోవచ్చు, అందుకని పొద్దున్న ఒకసారి, మూడు గంటలకు ఒకసారి మేడ చూడండి, మిట్టమధ్యాహ్నం చూస్తే ఏ చెట్టూ అడ్డం కాదు. పలాస, కాశీబుగ్గ వైపు జీడి బట్టీల పొగ జిడ్డుగా అంటుకుంటుంది, నీళ్లు కొడితే పోదు, టెక్కలి వైపు గ్రానైటు పొడి. అదే ప్యానెల్, అదే ఎండ, ఊరు మారితే కడిగే పద్ధతి మారుతుంది.

జీఎస్టీ దెబ్బ కూడా ఒకటి తిన్నాను. 2025 సెప్టెంబరులో సోలార్ సామాను మీద 12 శాతం నుంచి 5కి తగ్గిస్తామన్నారు, 22 నుంచి అమలు. మంచిదే. మొత్తం పని మీద చూస్తే పన్ను 13.8 నుంచి 8.9కి దిగింది. కానీ ఆ మాట పేపర్లో పడ్డ రోజు నుంచి 22 దాకా ఒక్కడూ షాపు మెట్లు ఎక్కలేదు, గోడౌన్లో ఏమో పాత పన్ను కట్టిన సరుకు. సరుకు పోగేసి రేటు పెరుగుతుందని చూడకండి. ప్యానెల్ బంగారం కాదు, టమాటా అనుకోండి.

ఇప్పుడు మీ గురించి. మన జిల్లాల నుంచి కుర్రాళ్లు చెన్నై, హైదరాబాదు, గుజరాత్ వెళ్లి వెల్డింగులు, వైరింగులు చేస్తున్నారు, ఇక్కడ నాకు రెండో టీము కోసం మేస్త్రీ దొరకడు. ఒక టీముతో నెలకి ఎనిమిది ఇళ్లు, అంతే. తొమ్మిదో ఇల్లు కావాలంటే నాలాంటివాడు ఇంకొకడు కావాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు. నేను మొదట కిలోవాటుకి ఇంత అని కూలి ఇచ్చేవాణ్ణి. వాళ్లు ఆదరాబాదరా బిగించి వెళ్లిపోయేవాళ్లు, ఎర్తింగ్ గుంటలో బొగ్గూ ఉప్పూ ఉండేవి కాదు, ఇన్‌స్పెక్షన్‌లో ఫైలు వెనక్కి వచ్చేది. ఇప్పుడు సగం బిగించిన రోజు, సగం నెట్‌మీటరు, అంటే లైను నుంచి వచ్చిన కరెంటూ మనం లైనుకి పంపిన కరెంటూ రెండూ లెక్కపెట్టే మీటరు, తిరిగిన రోజు. కుర్రాళ్లే నాకు ఫోను చేసి, అన్నా, ఆ మీటరు ఏమైంది అని అడుగుతున్నారు. ఒకడు సొంతంగా టీము పెట్టుకున్నాడు, వెళ్లేటప్పుడు కొంచెం కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు, ఇప్పుడు పని ఎక్కువైతే వాడికే ఇస్తున్నాను.

బోర్డు కూడా మార్చేశాను. ఐదు గడులు గీశాను. దరఖాస్తు, లోను, ఫిక్సింగ్, మీటరు, సబ్సిడీ. ఒక్కో ఇంటికి ఒక్కో చీటీ. చీటీ ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. కస్టమరు ఖాతాలో సబ్సిడీ పడి, నాకు రావాల్సిన ఆఖరి రూపాయి వచ్చాక చీటీ పీకేసి ఫైలు అలమార కింది అరలో పెడతాను. బోర్డు మీద పన్నెండు చీటీలు దాటితే కొత్త ఆర్డరు తీసుకోను, వచ్చే నెల రమ్మంటాను. మా ఆవిడ నెలాఖరుకి బోర్డు చూడదు, అలమార కింది అర చూస్తుంది. గాజులు కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చాయి.

చివరగా ఒకటి, ఇది వ్యాపారం కాదు, ప్రాణం. ఇంట్లోకి వచ్చే ఏసీ కరెంటు అయితే మెయిను కట్టేస్తే చచ్చిపోతుంది. ప్యానెల్‌కి స్విచ్ లేదు, ఎండ ఉన్నంతసేపూ బతికే ఉంటుంది. ఆరు ప్యానెళ్ల వరసలో దాదాపు మూడు వందల వోల్టుల డీసీ. లోడు మీదుండగా కనెక్టరు పీకితే మంట తెగదు, సాగుతుంది. రెండు కంపెనీల కనెక్టర్లు ఒకదాంట్లో ఒకటి దూరుతున్నాయి కదా అని నొక్కేయకండి, నెల తర్వాత కరిగిపోయి కనిపిస్తాయి. మాటలతో ఇది ఎక్కదు. బయట ఆటోలో ఒక ప్యానెల్, పది మీటర్ల కేబులు, కేబులు కొసకి కనెక్టరు నొక్కి బిగించే క్రింపింగ్ టూలు తెచ్చాను. టీ తాగేసి రండి, ఒక్కొక్కరితో ఒక కనెక్టరు చేయిస్తాను. తొందరగా రండి మరి, ఎండ దిగిపోతే మీటర్లో వోల్టులు కనిపిస్తాయి గానీ ఆంపియర్లు కనిపించవు.