ముందు ఆ డప్పులు ఆపమనండి

నమస్తే. అలవాటు ప్రకారం ముందు నేనెలా ఉన్నానో చెప్పేస్తాను. నీలం చొక్కా, నల్ల కళ్ళద్దాలు, వెనకాల తెల్ల గోడ, ఒళ్ళో మడతపెట్టిన కర్ర. స్క్రీన్ మీద ఏం పడినా నోటితో కూడా చెబుతాను, టెన్షన్ పడకండి. ఓట్లడగడానికి వచ్చే అభ్యర్థిని చూపు లేని, చూపు తక్కువున్న మనం ఏం అడగాలి, ఎలా అడగాలి, అదే ఇవాళ్టి మాట.

[ధ్వని: డప్పులు, మైకు, నినాదాలు]

ఈ చప్పుడు తెలుసుగా. ఎలక్షన్లొచ్చాయంటే వీధిలోకి ముప్పై మంది ఒక్కసారి దిగుతారు, ఎవరో మన చెయ్యి పట్టుకుంటారు, అది అభ్యర్థి చెయ్యో ఆయన బావమరిది చెయ్యో తెలీదు, ఓ కాగితం చేతిలో పెట్టేసి మన పక్కనున్న అమ్మతోనో వదినతోనో "బాబు ఓటు కూడా మనకే వేయించండమ్మా" అంటారు. ఓటు నాది, మాట ఆమెతో! నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నిజానికి ఓటు వేయడం వరకు మనకి దారి పడింది. ఈవీఎం మీద బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి కదా, వాటిని 2004లో ప్రయోగంగా పెట్టి చూసింది మన హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ నియోజకవర్గంలోనే. అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా, తోడు కావాలంటే 18 ఏళ్ళు నిండిన మనిషిని వెంట తీసుకెళ్ళొచ్చు, ఆ మనిషి అదే రోజు ఇంకో ఓటరుకి తోడు వెళ్ళకూడదు. వేయడం వచ్చింది. వేసే ముందు అడగడమే ఇంకా రాలేదు.

అడిగేవాళ్ళు కూడా వికలాంగుల పెన్షన్ దగ్గరే ఆగిపోతారు. తప్పేం లేదు, తెలంగాణలో 2023లో నెలకి 4,016 రూపాయలు అయింది, ఆంధ్రలో 2024లో 3,000 ఉన్నది 6,000 అయింది, ఆ డబ్బుతో నెల గడిచే ఇళ్ళు నాకు తెలుసు. కానీ కార్పొరేటర్‌గా నిలబడ్డాయన్ని పెన్షన్ అడిగితే హాయిగా "పెంచుతాం తమ్ముడూ" అనేసి పక్కింటికి వెళ్ళిపోతాడు. పెంచేది ఆయన కాదు, పెంచకపోతే తిట్లు తినేదీ ఆయన కాదు.

ఆయన్ని డ్రైనేజీ మూతల గురించి అడగండి, ఫుట్‌పాత్ మీద బళ్ళ గురించి అడగండి, వీధి దీపాల గురించి అడగండి. దీపాలు మనకెందుకని నవ్వేవాళ్ళున్నారు, కానీ మనలో చాలామందికి ఎంతో కొంత చూపు ఉంటుంది, చీకటి పడ్డాక ఆ కాస్తా పోతుంది. ఎమ్మెల్యే అభ్యర్థి వస్తే బస్సులో వచ్చే స్టాపు పేరు వినిపించే ఏర్పాటు, వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్షలు చేసే సదరం క్యాంపు మన ఊళ్ళోనే పెట్టించడం. ఎంపీ అయితే రైల్వే స్టేషన్లు, ఫోన్ స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కి నోరు పెగలని ప్రభుత్వ యాప్‌లు. ఇవేవీ దయ చూపమని అడగడం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, దాని కింద సౌకర్యాల ప్రమాణాలు తప్పనిసరిగా ఉండాల్సిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

సరే, ఎలా అడగాలి? ముందు డప్పులు ఆపమనండి. నిజంగానే, మనకి గొంతే మనిషి. తర్వాత "మీరే అభ్యర్థా, మీ పేరేంటి?" అనండి. ఆయనతోనే మాట్లాడండి, వదిన మధ్యలో జవాబు చెప్పబోతే మెల్లగా ఆపండి. కాగితం ఇస్తే "ఇది నేను చదవలేను, వాట్సాప్‌లో పంపండి, ఫొటో తీసి కాదు, టైప్ చేసి" అనండి. ఒక్క పనే అడగండి, ఏ వీధిలో, ఏ మలుపు దగ్గర, ఎప్పటిలోగా అని. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటానని చెప్పి మరీ రికార్డ్ చేయండి. వినతిపత్రం మాత్రం ఇచ్చి ఊరుకోకండి, అది ఎవరి జేబులోకి పోతుందో మనకి కనబడదు, కనబడినవాళ్ళకీ మళ్ళీ కనబడదనుకోండి!

మా వీధి చివర మూడు మూతలు ఉండేవి కాదు. ఓసారి కర్ర అందులోకి జారి నా చేతిలో పిడి మాత్రం మిగిలింది. కిందటిసారి ప్రచారానికొచ్చినాయన్ని వీధి చివరిదాకా నడిపించుకెళ్ళి, "ఇక్కడ నిలబడి కళ్ళు మూసుకోండి సార్, ఇప్పుడు నాలుగడుగులు వేయండి" అన్నాను. వేయలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఆయన పక్కవాణ్ణి కాకుండా నన్నే నా నంబర్ అడిగాడు. గెలిచాక నాలుగుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు ఎత్తాడు. మూడింట్లో రెండు మూతలు పడ్డాయి. మూడోది కరెంటు స్తంభం పక్కది, దానికోసం సోమవారం మళ్ళీ చేస్తున్నా.