వైవా గదిలో ఇంకో కుర్చీ

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పాలి గానీ, మొదలుపెడితే నాకిచ్చిన టైమంతా అక్కడే అయిపోతుంది. ‘సాహిత్యం, సంస్కృతి, ప్రదర్శన: పరిశోధన పద్ధతులు’ అని నాకో శీర్షిక ఇచ్చారు. పద్ధతుల మీద పుస్తకాలు బోలెడున్నాయి, చదువుకోండి. ఈ ఏడాది ఎమ్మేలో, పీహెచ్‌డీలో చేరిన మీకు నా గోడు ఒకటి చెప్పుకోవాలని వచ్చాను.

నేను ఒక కథాగాయని మీద థీసిస్ రాశాను. వైవాలో పరిశీలకుడు అడిగిన మొదటి ప్రశ్న, “మూలప్రతి ఏది?” లేదండీ, ఆమె పాడినప్పుడల్లా కొత్తగా కడుతుంది అన్నాను. “మరి వాటిలో సరైనది ఏది?” రికార్డింగు వినిపిస్తానన్నాను. “అనుబంధంలో రాశారుగా, చాలు” అన్నారు.

రాసినదాంట్లో ఏముంది చెప్పండి! ఆ రాత్రి ఆమె చరణం మధ్యలో ఆగి, ముందు వరుసలో కునికిపాట్లు పడుతున్న ఒక ముసలాయన్ని చూసింది. వెంటనే కథలో రాజుకీ కునుకు పట్టించింది. జనం గొల్లుమన్నారు. ముసలాయన ఉలిక్కిపడి లేచాడు, అదే తాళంలో రాజునీ లేపింది. నా అనుబంధంలో అది ‘రాజు నిద్ర లేచెను’, అంతే. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఈ గొడవ నాతో మొదలైంది కాదు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాలు నోటితో కట్టినవేనా అని తేల్చుకోవడానికి, ఇంకా నోటితోనే కథలు కట్టి పాడేవాళ్లను వినాలని హార్వర్డ్ నుంచి మిల్మన్ పారీ అనే పండితుడు 1933లో యుగోస్లావియా వెళ్లాడు. అప్పటి రికార్డింగు ప్లేటు ఒకటి కొద్ది నిమిషాలకే నిండిపోయేది. పాట ఆపమనడం ఇష్టంలేక పక్కపక్కనే రెండు తిరుగుడు బల్లలు పెట్టించాడు. ఒక అల్యూమినియం ప్లేటు నిండగానే మీట మారిస్తే రెండోది అందుకుంటుంది. పాటగాడు యంత్రం కోసం ఆగక్కర్లేదు. వైవా గదికి ఆపాటి మర్యాద ఉంటే బాగుండేది. సరే, ఆ మాట అక్కడ ఉంచుదాం.

అక్కడ దొరికిన పాటగాడే అవ్డో మెజెదోవిచ్. చదువు రాదు, మాంసం కొట్టేవాడు. 1935లో అతను చెప్పి రాయించిన ఒక్క కథ 12 వేల పంక్తులు దాటింది. పారీ అదే ఏడాది 33 ఏళ్లకే పోయాడు. శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో పుస్తకం తెచ్చాడు. పాటగాడు కథను బట్టీ పట్టడు, పాడుతూనే కడతాడు అని అందులో చెప్పినదాన్ని ‘పారీ-లార్డ్ సిద్ధాంతం’ అంటున్నాం, పరీక్షల్లో రాస్తున్నాం. అవ్డో పేరు విన్నవాళ్లు మీలో ఎందరు? చేతులెత్తండి... చూశారా! వాళ్లిద్దరూ అతని పేరు దాచలేదండీ, మధ్యలో జారవిడిచింది మనమే.

1980లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ప్రదర్శన అధ్యయనాలకు విడిగా విభాగమే వచ్చింది. అయినా మన చూపు కాగితం మీదే. ప్రదర్శకులకు ఏం తెలుసు అంటారా? 1985లో థాయ్‌లాండ్‌లోని బాన్ వినాయ్ శరణార్థి శిబిరంలో కుక్కలకు రేబిస్ టీకా వేయిస్తామంటే ఒక్కరూ తేలేదు. పరిశోధకుడు డ్వైట్ కాంకర్‌గుడ్ లావోస్ నుంచి వచ్చి అక్కడ తలదాచుకున్న మాంగ్ తెగవాళ్లతో కలిసి, వాళ్ల జానపద కథల్లోని పులి, కోడి వేషాలు కట్టించి, రేబిస్ గురించి చెప్పిస్తూ ఊరేగించాడు. మర్నాడు టీకా కేంద్రాల దగ్గర కుక్కలే కుక్కలు. ఏ పాత్ర మాట చెబితే జనం వింటారో ఆ మాంగ్ కళాకారులకు తెలుసు.

విభాగాధిపతులు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రికార్డింగు వినకుండా పరిశీలకుడు సంతకం పెట్టడానికి వీల్లేదని రూల్ పెట్టండి. వైవాలో ఒక కుర్చీ ఆ విద్య తెలిసిన కళాకారుడికో కళాకారిణికో వేయండి, ప్రశ్నలడగనివ్వండి. మిగతా పరిశీలకులకిచ్చే టీఏ, డీఏ వాళ్లకీ ఇవ్వండి, అదే రోజు.