ఆ ప్రశ్న గుడి లోపలే అడుగుదాం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వేదిక మీదున్న ఫాదర్ గారికి, సిస్టర్స్‌కి, మన విచారణ, అంటే మన పారిష్, పెద్దలకి, లీజియన్ ఆఫ్ మేరీ అక్కలకి, వెనకాల బిర్యానీ దగ్గర చెమటలు కక్కుతున్న కుర్రాళ్ళకి కూడా. పేర్లు చదవడం మొదలుపెడితే ఒకళ్ళు మిస్సవుతారు, ఆ మిస్సయినవాళ్ళు వచ్చే పండుగ దాకా గుర్తుపెట్టుకుంటారు, మీకు తెలిసిందే, అందుకని ఇక్కడితో ఆపుతున్నా.

నాకిచ్చిన టాపిక్ "కుటుంబంలో విశ్వాస జీవితం". కార్డు మీద అచ్చేశారు. నాలుగు పేజీలు రాసుకొచ్చా, జేబులోనే ఉన్నాయి. కానీ ఈమధ్య మా అబ్బాయి ఫోన్‌లో ఒక మాట అడిగాడు, అప్పట్నుంచి ఆ పేజీలు చదవబుద్ధి కావట్లేదు. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, పూజకెళ్ళడం మానేశాడు, మీ ఇళ్ళల్లో కూడా ఉన్నారులెండి అలాంటివాళ్ళు. "నాన్నా, మన కతోలిక శ్రీసభ చెప్పేవన్నీ నువ్వు నమ్ముతున్నావా? నమ్మకపోతే ప్రతి ఆదివారం ఎందుకెళ్తున్నావు?" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) స్కూల్లో పిల్లలకి సత్యోపదేశం, అంటే మన మత పాఠాలు, చెప్పినవాణ్ణి, వాడికి ఠక్కున అవునని చెప్పలేకపోయా.

ఇక్కడ అన్నీ నమ్మేవాళ్ళు ఎంతమంది చేతులెత్తండి అని అడగన్లెండి, ముందు వరసలో ఫాదర్ గారున్నారు.

ఒక్కటి మాత్రం చెప్తా, నవ్వుకోండి. 1968 జూలైలో ఆరవ పౌలు పోపు గారు ఒక లేఖ రాశారు, పిల్లలు పుట్టకుండా మాత్రలు, ఆపరేషన్లు కూడదని. దానికి ముందు వేసిన కమిషన్‌లో ఎక్కువమంది ఈ నియమం కొంచెం మార్చొచ్చు అన్నారు, ఆయన ఒప్పుకోలేదు. సరే. ఇక్కడ మన ఆంధ్ర రాష్ట్రంలో ఏమైంది? సర్కారు సర్వేల్లోనే ఉంది, పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మన గుళ్ళో ఎడమవైపు వరసలన్నీ అందులో లేవా? ఇద్దరు పిల్లలయ్యాక ప్రభుత్వాసుపత్రికెళ్ళి ఆపరేషన్ చేయించుకుని, కుట్లు ఆరగానే గుణదల మాత దగ్గరికెళ్ళి కొవ్వొత్తి వెలిగించి, పూజలో సత్ప్రసాదం, క్రీస్తు శరీరమని ఇచ్చే అప్పం, తీసుకున్నవాళ్ళే మన ఆడవాళ్ళు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పారో లేదో అది వాళ్ళకీ దేవుడికీ. నేను తప్పంటున్నానని కాదు అమ్మా, అలా చూడకండి. ఇంతపెద్ద విషయం మీద మనం గుడి లోపల ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదంటున్నా, అంతే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. లింబో గురించి.

మీలో చిన్నవాళ్ళు ఆ మాటే విని ఉండరు. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, లేకుండా చనిపోయిన పసిబిడ్డలు మోక్షానికి పోరు, నరకానికీ పోరు, లింబో అని ఎక్కడో మధ్యలో ఉంటారు, దేవుణ్ణి మాత్రం చూడరు. మా చిన్నప్పుడు ఉపదేశి గారు, అంటే ఊళ్ళో ఫాదర్ తరఫున మత పాఠాలు చెప్పే ఆయన, బెత్తం పట్టుకుని ఇది చెప్పేవారు, మేం వల్లెవేసేవాళ్ళం. మా అమ్మకి నా తర్వాత ఒక మగబిడ్డ పుట్టాడు. రాత్రి పుట్టాడు, తెల్లారకముందే పోయాడు. జ్ఞానస్నానం ఇప్పించడానికి ఉపదేశి గారి కోసం మనిషిని పంపారు, వానలో వాగు దాటి ఆయన వచ్చేసరికి అయిపోయింది. ఫాదర్ గారు వచ్చి సమాధుల దొడ్లో పెట్టడానికి వీల్లేదన్నారు. ఆయన్ని ఇప్పుడు నేనేమీ అనను, 1917 నాటి శ్రీసభ చట్టంలో అలాగే ఉంది, జ్ఞానస్నానం లేనివాళ్ళకి అక్కడ చోటు లేదని. గోడ బయట, కాలవ గట్టు కింద గుంట తీశారు.

ఇంకో విషయం ఉంది, ఇది తల్చుకుంటే నాకిప్పటికీ కోపం ఆగదు. అవసరమైతే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చు. ఎవరైనా అంటే ఎవరైనా, కాన్పు చేసిన మంత్రసాని ఇవ్వొచ్చు, ఆమెకి జ్ఞానస్నానం లేకపోయినా ఇవ్వొచ్చు, తల మీద నీళ్ళు పోసి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను అంటే చాలు. ఈ సంగతి మా అమ్మకి ఎప్పుడు తెలిసింది? బిడ్డ పోయిన చాలా ఏళ్ళకి, ఎవరో సిస్టర్ మాటల్లో చెప్తే. కుండలో నీళ్ళు పక్కనే ఉన్నాయంట. అప్పట్నుంచి ఆమె నన్ను పదేపదే ఒకటే అడిగేది, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు చదువుకున్నావు కదా, వాడెక్కడున్నాడ్రా?" నేను సత్యోపదేశం టీచర్ని. పుస్తకంలో ఉన్న జవాబు మా అమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. బడిలో పిల్లలకి మాత్రం చెప్పా.

ఆమె పూజ మానిందా? ఒక్క ఆదివారం మానలేదు. జపమాల చేతిలోనే పోయింది. ఆ ప్రశ్న కూడా ఆమెతోనే ఉంది, ఆమెని ఎవరూ సందేహాల మనిషి అనలేదు, భక్తిపరురాలు అన్నారు.

1983లో చట్టం మార్చారు. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని, ఈలోపే బిడ్డ పోతే బిషప్ గారి అనుమతితో గుళ్ళో అంత్యక్రియలు చేయొచ్చు అని. తర్వాత 2007 ఏప్రిల్‌లో రోమ్‌లో దైవశాస్త్ర పండితుల కమిషన్ ఒక పత్రం బయటపెట్టింది, అప్పటి పోపు బెనెడిక్టు గారి అనుమతితోనే. లింబో అనేది విశ్వాస సత్యంగా ఎప్పుడూ ప్రకటించింది కాదు, అది ఒక అభిప్రాయం, అలాంటి బిడ్డలు రక్షణ పొందుతారని ఆశపడడానికి గట్టి కారణాలున్నాయి, ఇదీ దాని సారం. అభిప్రాయమంట! ఆ అభిప్రాయానికి బెత్తం దెబ్బలు తిన్నాం మేము. మా అమ్మ అప్పటికే పోయింది. సరే ఆమె పోయింది, బతికున్న తల్లులు ఎంతమంది? ఆ పత్రం సంగతి మన విచారణలో ఎవరైనా ప్రసంగంలో చెప్పగా విన్నారా? నేను వినలేదు. భయపెట్టిన మాట మాత్రం ప్రతి గడపకీ చేరింది.

అదే ఏడు మదర్ థెరిసా గారి ఉత్తరాలు కూడా అచ్చయ్యాయి, దేవుడు తనలో లేడన్నట్టు ఏళ్ళ తరబడి అనిపించిందని ఆవిడే రాసుకున్నారు. 2016లో ఆవిణ్ణి పునీతురాలిగా ప్రకటించారు. ఆవిడకే అలా అనిపిస్తే మనకి సిగ్గెందుకు?

మా తోడల్లుడు ఇరవై ఏళ్ళ కిందటే పెంతెకొస్తుకి వెళ్ళిపోయాడు. ఎప్పుడు కలిసినా "బావా, మా దాంట్లోకి వచ్చెయ్, మాకు పోపు లేడు" అంటాడు. మీ పాస్టర్ గారిని ఎదురు ప్రశ్న అడిగి చూడు, పోపు ఎవరో తెలుస్తుంది అంటా. నవ్వుతాడు, ఆ తర్వాత కూడా పిలుస్తాడు. మంచివాడే.

అబ్బాయికి ఆ రాత్రి చెప్పలేనిది ఇప్పుడు చెప్తున్నా, ఎవరైనా వీడియో తీస్తుంటే వాడికి పంపండి. అన్నీ నమ్మి వెళ్ళట్లేదురా. లింబో అబద్ధమని నాకు చిన్నప్పుడే లోపల అనిపించింది, రోమ్ చెప్పకముందే. కానీ సత్ప్రసాదం తీసుకున్నప్పుడు ఇది అబద్ధమని ఇంతవరకూ ఒక్కసారీ అనిపించలేదు. రేపు అనిపిస్తుందేమో, నాకు తెలీదు. అప్పటిదాకా వెళ్తా. నువ్వు రావాలని పట్టుబట్టను, సంక్రాంతికి ఇంటికి మాత్రం రా.

ఫాదర్ గారు టైమ్ చూసుకుంటున్నారు. ఫాదర్, ఒక్క నిమిషం. ఆ 1983 నాటి శ్రీసభ చట్టంలోనే 212వ కానన్, అంటే నియమం, ఉంది, తమకి తెలిసిన మేరకు శ్రీసభ మంచికి సంబంధించిన విషయాలు మత గురువులకి చెప్పే హక్కు విశ్వాసులకి ఉందని, కొన్నిసార్లు అది బాధ్యత కూడా అని. ఆ హక్కుతోనే ఒకటి అడుగుతున్నా. నవంబర్ 2 సమాధుల పండుగకి మీరు దొడ్లో అన్ని సమాధుల మీదా తీర్థం చల్లుతారు కదా, ఈసారి గేటు దాటి కాలవ గట్టు దాకా రండి. మా తమ్ముడొక్కడే కాదు అక్కడ, ఈ హాల్లో ముసలమ్మలకి తెలుసు ఎవరి బిడ్డలున్నారో, రాళ్ళు కూడా లేవు. దానికి ముందు ఆదివారం 2007 పత్రంలో సంగతి తెలుగులో చదివించండి. చదివే మనిషి లేకపోతే నేను చదువుతా, నాకు ఆ మైకు ఐదు నిమిషాలు ఇవ్వండి చాలు. రావడానికి వీలవుతుందో లేదో ఇప్పుడే చెప్పక్కర్లేదు ఫాదర్, భోజనాల దగ్గర చెప్పండి.