డల్లాస్‌లో తొలి నెల: కుటుంబం కాగితాలు ఎవరు చూస్తారు?

(స్టూడియో చర్చ – రాతప్రతి)

వ్యాఖ్యాత: నమస్కారం. తెలుగు రాష్ట్రాల నుంచి టెక్సస్‌కు, ముఖ్యంగా ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉద్యోగం మీద వచ్చే కుటుంబాల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఉద్యోగి పని కంపెనీ లాయర్లు చూసుకుంటారు. హెచ్‌-4 (ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చే భార్య లేదా భర్త, పిల్లల సంగతి ఏమిటి? సలహాదారు గారూ, ముందు మీరు చెప్పండి.

స్థిరనివాస సలహాదారు: దిగిన వారంలోపే ప్రతి ఒక్కరి ఐ-94, అంటే దేశంలోకి వచ్చిన రికార్డు, ఆన్‌లైన్‌లో తీసి చూడాలండి. ఉద్యోగిది ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఈ దేశంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది అదే, వీసా స్టాంపు కాదు. మన దగ్గర పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే ఇస్తారు కదా. తండ్రి కోసం కంపెనీ పెట్టిన వీసా పిటిషన్‌కు మూడేళ్లు గడువుంది, బాబు పాస్‌పోర్టులో పద్నాలుగు నెలలే మిగిలాయి అనుకోండి. ఎయిర్‌పోర్టులో అధికారి బాబు ఐ-94ను సాధారణంగా ఆ పద్నాలుగు నెలలకే కుదిస్తారు. వీసా మీద మాత్రం మూడేళ్లే కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: ఇక్కడికొచ్చాక పాస్‌పోర్టు రెన్యువల్ చేయిస్తే సరిపోదా?

సలహాదారు: సరిపోదు. అందరూ పొరపడేది అక్కడే. కొత్త పాస్‌పోర్టు వచ్చినా పాత ఐ-94 తేదీ మారదు. గడువు ముగియకముందే దాన్ని పొడిగించమని ఐ-539 దరఖాస్తు పెట్టాలి, లేదా దేశం దాటి కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ రావాలి. బడి, ఇన్సూరెన్స్ యథావిధిగా నడుస్తుంటాయి కాబట్టి గడువు దాటిన సంగతి ఎవరి కంటా పడదు. అందుకే ఏడాదిన్నర లోపు గడువున్న పిల్లల పాస్‌పోర్టులను ఇండియాలోనే రెన్యువల్ చేయించి, ఆ తర్వాతే వీసాకు వెళ్లమంటాను. పనిలో పనిగా ఇంటిపేరు గడి కూడా చూడండి. అది ఖాళీగా ఉంటే వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని పడుతుంది. ఆ మూడక్షరాలే తర్వాత లైసెన్సులోకీ, ఇన్సూరెన్స్ కార్డులోకీ ఎక్కి కూర్చుంటాయి.

వ్యాఖ్యాత: డాక్టరు గారూ, బడిలో చేర్చేటప్పుడు టీకాల దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. టీకాలన్నీ వేయించామనే అంటారు మరి.

పిల్లల డాక్టర్: వేయించిన మాట నిజమేనండీ. లెక్క దగ్గరే తేడా. ఇక్కడ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు కావాలి, మొదటిది మొదటి పుట్టినరోజు నాడో, ఆ తర్వాతో పడి ఉండాలి. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసింది ఇక్కడి లెక్కలోకి రాదు. పైగా ప్రభుత్వ కేంద్రాల్లో వేసేది ఎంఆర్. అందులో గవదబిళ్లల టీకా ఉండదు. ప్రైవేటులో పదిహేనో నెలలో ఒకటి, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఒకటి వేయించిన పిల్లలకు మాత్రం రెండూ లెక్కకు వస్తాయి. ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు, ఇక్కడ రెండు డోసులు తప్పనిసరి. పోలియో చుక్కల విషయం చాలామందికి తెలియదు. 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కలను ఇక్కడ లెక్కించరు, ఇంజెక్షన్ డోసులే చూస్తారు.

వ్యాఖ్యాత: అంటే పల్స్ పోలియోలో వేయించినవి...

డాక్టర్: లెక్కలోకి రావు. ఇంకో మాట. కార్డు మీద 04/06/2021 అని రాసి ఉంటే మనకు జూన్ నాలుగు, ఇక్కడి నర్సుకు ఏప్రిల్ ఆరు. నెల పేరు అక్షరాల్లో ఉండేలా మీ డాక్టరుతో కొత్త పట్టిక రాయించుకుని, సంతకం, ముద్ర వేయించుకుని రండి. క్షయ పరీక్ష అడిగితే, రెండేళ్లు దాటిన పిల్లలకు చర్మం మీద చేసేది కాకుండా రక్త పరీక్ష చేయమనండి. క్షయ టీకా బీసీజీ వేయించుకున్న పిల్లలకు చర్మ పరీక్ష ఊరికే పాజిటివ్ చూపించవచ్చు. ఆ తర్వాత ఎక్స్‌రే అంటారు, ఇంట్లో అందరికీ అనవసరపు బెంగ.

వ్యాఖ్యాత: చిరునామా రుజువు కింద బడివాళ్లు కరెంటు బిల్లు అడుగుతారట?

సలహాదారు: అవును, లీజుతో పాటు అదీ అడుగుతారు. డల్లాస్ ప్రాంతంలో చాలాచోట్ల ఇల్లు అద్దెకు తీసుకున్నంత మాత్రాన కరెంటు రాదు. కంపెనీని మనమే ఎంచుకోవాలి. ‘పవర్ టు చూజ్’ అనే రాష్ట్ర ప్రభుత్వ సైట్‌లో ప్లాన్లు ఉంటాయి. అన్నిటికంటే పైన చవగ్గా కనబడేదాన్ని చూసి మోసపోకండి. నెలకు సరిగ్గా వెయ్యి యూనిట్లు వాడితేనే ఆ ధర. 999 దగ్గర ఆగితే వంద డాలర్ల తగ్గింపు మొత్తం పోయే ప్లాన్లున్నాయి. ప్రతి ప్లాన్‌కూ ఒక ఫ్యాక్ట్స్ లేబుల్ ఉంటుంది, అందులో 500, 1000, 2000 యూనిట్లకు సగటు ధరలు ఇస్తారు. చిన్న ఫ్లాట్‌కు 500 దగ్గరి ధర చూసి తీసుకోవడం మేలు. క్రెడిట్ చరిత్ర లేదని డిపాజిట్ అడగవచ్చు, దానికి డబ్బు పక్కన పెట్టుకోండి. ఫ్రిస్కోలో కొన్ని వీధులు విద్యుత్ సహకార సంఘం కిందికి వస్తాయి, అక్కడ ఎంపిక ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, లీజులోనూ కరెంటు ఖాతాలోనూ భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సుకు నివాస రుజువులు రెండు అడుగుతారు. హెచ్‌-4 మీద ఉన్నవారి పేరు దేనిమీదా లేకపోతే లైసెన్సు ఆలస్యమై వాళ్లు ఇంట్లోనే చిక్కుకుపోవచ్చు. బస్సులు అంతంత మాత్రంగా ఉన్న ఊళ్లో అది చిన్న బాధ కాదండి.

వ్యాఖ్యాత: ఇన్సూరెన్స్, పన్నుల సంగతి?

పన్నుల నిపుణురాలు: కుటుంబం వెనకాల వస్తే, వాళ్లు దిగిన రోజు నుంచి చాలా కంపెనీల్లో ముప్పై రోజుల్లోపే వాళ్లను ఇన్సూరెన్స్‌లో చేర్చాలి. దాటితే మళ్లీ ఏడాదికోసారి వచ్చే నమోదు దాకా ఆగాలి. హెచ్‌-4 వాళ్లకు పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వరు, దాని బదులు పన్నుల కోసం ఇచ్చే ఐటిన్ నంబర్ తీసుకోవాలి. దాని డబ్ల్యూ-7 ఫారాన్ని మామూలుగా పన్ను రిటర్న్‌తో కలిపే పంపాలి. విడిగా పంపితే చాలావరకు తిరిగొస్తుంది.

వ్యాఖ్యాత: ఒరిజినల్ పాస్‌పోర్టు పోస్టులో పంపాలా మేడమ్?

నిపుణురాలు: అక్కర్లేదు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సహాయ కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకుంటే అక్కడికక్కడే చూసి వెనక్కిచ్చేస్తారు. పన్నుల సీజన్‌లో ఐటిన్‌కు తొమ్మిది నుంచి పదకొండు వారాలు పడుతుంది. ఆ మధ్యలో ఇండియాకు హఠాత్తుగా వెళ్లాల్సి వస్తే పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి కదా.