మోటర్‌హోమ్ సింకుకి మూత

నమస్కారమండీ. మోటర్‌హోమ్‌లో, అంటే వంటిల్లూ పడకలూ ఉన్న బండిలో, నాలుగు రోజులు వండుకు తిన్నవాళ్ళకి నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. ఆ బండిలో వంటగట్టు ఎంతని? స్టవ్వు ఒక పక్క, సింకు ఒక పక్క, మధ్యలో ఒక పళ్ళెం పట్టేంత చోటు. అందుకే సింకు మీదికి మూత ఇస్తారు. వేస్తే గట్టు, తీస్తే సింకు. చపాతీలు ఒత్తేది దాని మీదే, ఉల్లిపాయలు తరిగేది దాని మీదే. ఆ మూత పోయిందంటే సగం వంటిల్లు పోయినట్టే.

మేం డాలస్‌లో ఉంటాం. పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నాం. రెండు గిన్నెల సింకు, రెండు మూతలు ఉండాలి, మాకొచ్చింది ఒక్కటే, అదీ మధ్యలో చీలింది. ముందున్నవాళ్ళు స్టవ్వు మీంచి దింపిన గిన్నె నేరుగా దాని మీదే పెట్టేవారేమో. బండి అమ్మినవాళ్ళని అడిగితే ఆ రంగు ఇప్పుడు రావట్లేదు, దగ్గరగా ఉన్నది తెప్పిస్తామన్నారు. మూడు నెలలు ఎదురుచూశాక వచ్చింది కానీ మా సింకులో దిగనే లేదు. ఇక నేనే చేద్దామనుకున్నాను.

అసలు ఆ మూత ఎక్కణ్ణుంచి వస్తుందంటే, కోరియన్ అని ఉంటుంది చూడండి, డ్యూపాంట్ కంపెనీ 1967లో కనిపెట్టింది, చూడటానికి రాయిలా ఉంటుంది కానీ అక్రిలిక్ ప్లాస్టిక్‌లో ఖనిజం పొడి కలిపి పోసిన పలక. అలాంటి పలకతో గట్టు వేసినప్పుడు సింకు కోసం కోసి తీసిన ముక్కనే అంచులు నునుపు చేసి మూతగా ఇస్తుంటారు. అందుకే రంగూ చుక్కలూ అచ్చంగా కలిసిపోతాయి. చవక బండ్లలో అయితే రంపపు పొట్టు నొక్కి చేసిన చెక్క మీద సన్‌మైకా అతికించి ఇస్తారు. దానికి అంచు దగ్గర ఒక్కచోట తడి దిగిందా, చాయ్‌లో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బుతుంది, మళ్ళీ సరికాదు.

కొత్త మూతకి ముందు కావాల్సింది కొలత. టేపు పెట్టి పొడవూ వెడల్పూ రాసుకుంటే సరిపోదండీ, ఎందుకంటే మూలలు గుండ్రంగా ఉంటాయి, నాలుగు మూలలూ ఒకేలా కూడా ఉండవు. మా మామయ్యగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు, ఆయన చూసి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదమ్మా, అలా చెయ్యి అన్నారు. సింకు మీద పెద్ద కాగితం పరిచి, కదలకుండా టేపు వేసి, అంచు పొడుగునా పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే సింకు ఆకారం మొత్తం దిగిపోయింది. దాన్ని అట్ట మీద అతికించి కత్తిరించి, సింకులో దింపి చూసి, తగిలిన చోట కొంచెం కొంచెం తీసుకుంటూ పోయాను. ఆ అట్ట మీద 'పైన' అనీ 'ముందు' అనీ రాసిపెట్టుకోండి. నేను రాయలేదు. చెక్క మీద తిరగేసి గీశాను, మొదటి ముక్క ఎడమ కుడి మారిపోయి వృథా అయింది, ఆ రోజు చాలా బాధపడ్డాను.

అట్ట కుదిరాక దేనితో చెయ్యాలన్నది. ఇళ్ళకి వంటగట్లు వేసే వర్క్‌షాపుల్లో సింకు కోసం కోసిన ముక్కలు పడి ఉంటాయి, అడిగితే చవగ్గా ఇస్తారు, ఒక్కోసారి ఊరికే ఇస్తారు. కోరియన్ రకం అయితే తీసుకోండి, అర అంగుళం మందంలో చదరపు అడుగు నాలుగున్నర పౌన్లలోపే ఉంటుంది. గ్రానైటూ క్వార్ట్జూ వద్దు. బరువు సంగతి అలా ఉంచండి, వాటిని కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది, ఇంట్లో కోసే పని కాదది. కోరియన్ కోసేటప్పుడైనా మాస్కు పెట్టుకోండి.

తెల్ల ప్లాస్టిక్ కటింగ్ బోర్డు పలక ఇంకా తేలిక, చదరపు అడుగు రెండున్నర పౌన్లు, నీళ్ళకి చెక్కు చెదరదు. కాకపోతే వేడి గిన్నె పెడితే ముద్ర పడిపోతుంది. నేను చివరికి వెదురు బోర్డు తీసుకున్నాను. ముప్పావు అంగుళం మందం. మా సింకు చుట్టూ మూత కూర్చునే మెట్టు లోతు అర అంగుళమే, అంటే మూత పావు అంగుళం పైకి లేచి ఉంటుంది, చపాతీ పీట ఊగుతుంది. అందుకని అడుగువైపు అంచు చుట్టూ పావు అంగుళం రూటర్ మిషన్‌తో, అంటే చెక్కని చెక్కి తీసే మిషన్‌తో, తీసేశాను, అప్పుడు గట్టుతో సమంగా కూర్చుంది. వెదురైనా చెక్కైనా తడికి ఉబ్బుతుంది కాబట్టి చుట్టూ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సందు వదలండి, బిగుతుగా చేస్తే వానాకాలంలో ఇరుక్కుని ఊడిరాదు.

తర్వాత ఉప్పు కాగితంతో (గరుకు కాగితం) రుద్దాలి, 120 నంబరుతో మొదలెట్టి 220 దాకా. పైన ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిల్ పట్టించాలి, అడుగునా అంచులకీ కూడా, ఒక్క పైవైపే రాస్తే పలక వంగుతుంది. వంటనూనె మాత్రం రాయకండి, కొన్నాళ్ళకి మక్కు వాసన వస్తుంది.

వేలు పట్టే రంధ్రం ఒకటి మర్చిపోవద్దు, అంగుళం చాలు. అది లేకపోతే మూత తీయడానికి ప్రతిసారీ చాకు వెతుక్కోవాలి. అడుగున నాలుగు రబ్బరు బొత్తాలు అతికిస్తే బండి నడుస్తున్నప్పుడు టకటక చప్పుడు ఉండదు. చప్పుడు చిన్న విషయం అనిపిస్తుంది కానీ టెక్సస్ నుంచి వ్యోమింగ్ దాకా వింటూ వెళ్ళండి, తల నొప్పి పుడుతుంది.

ఇంకోటి, సింకు వాడుతున్నప్పుడు ఆ మూతలు ఎక్కడ పెడతారు? ఇది నేను మొదట ఆలోచించలేదు. స్టవ్వు మీద పెట్టడం అలవాటైతే ఏదో ఒక రోజు కింద మంట ఉంటుంది. సోఫా మీద పెడితే సడన్ బ్రేక్‌కి ఎగిరి పిల్లల మీద పడుతుంది. మేం సింకు కింద అలమారా తలుపు లోపలివైపు రెండు సన్నటి చెక్కపట్టీలు బిగించాం, మూతలు రెండూ నిలువుగా అందులోకి జారతాయి, తలుపు వేస్తే కదలవు. తడి మూత మాత్రం అందులో పెట్టను. ముందు కిటికీ దగ్గర ఆరబెట్టి, ఆరాకే లోపలికి.